వాగ్ధ్వని సంక్షేపము: మాతృకయుఁ బ్రతియు

తాళపత్రగ్రంథములను బరిష్కరించు పండితులకు మాతృకకును బ్రతికిని గల భేదము తెలియనిది కాదు. లేఖకుఁడు విడిచిన యక్షరములు ఆ ప్రతినిఁ జూచి వ్రాసినవారికి మరల లభింపవు. వీడియోలనుండి సెల్‌ఫోనులకుఁ దగిన చిన్న ధ్వని ఫైళ్లను జేయుటయందును ఈ న్యాయమే చెల్లును.

అనకాపల్లి జిల్లా కోటవురట్ల ప్రాంతమున నొక వృద్ధురాలు చెప్పిన కథను వీడియోగా గ్రహించిరని భావింపుఁడు. దానిని వినఁగోరువా రనేకులు. వారి ఫోనులలోఁ జోటు స్వల్పము. వినుటకు బొమ్మతో నక్కఱలేదు. కావున మొదట ధ్వనిని వీడియోనుండి వేఱుపఱుపవలెను. ఇందులకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను నుచిత సాధనము ప్రసిద్ధము. పిమ్మట కుడియెడమల ధ్వనిధారలను రెంటిని ఒక్కటిగాఁ గలిపి, సెకనునకు 44,100 గాని 48,000 గాని యుండు నమూనాలను 8,000కుఁ దగ్గింతురు. తుదకు ఏ.ఎం.ఆర్. పద్ధతిని సంకేతీకరింతురు.

మొబైల్ ఫోనుల సంభాషణకై 3జీపీపీ సంస్థ 1999లో నీ పద్ధతి నంగీకరించెను. ఇది వాక్కును సెకనులో ఏఁబదియవ వంతు చొప్పున ఖండించును. ఒక్కొక్క ఖండమున 160 నమూనాలుండును. వానిని యథాతథముగా వ్రాయక, కంఠమునుండి వెడలు నాదమును, నోటి యాకృతిచే దానికిఁ గలుగు మార్పును విడివిడిగా లెక్కించి, ఆ లెక్కను మాత్రము వ్రాయును. వినువేళ ఫోను ఆ లెక్కనుబట్టి ధ్వనిని మరల నిర్మించును. సెకనునకు 4.75 మొదలు 12.2 కిలోబిట్లవఱకు ఇందు ఎనిమిది వేగములు గలవు.

లాభము మిక్కిలి గొప్పది. కాంపాక్టు డిస్కు ప్రమాణమున నొక గంట ధ్వనికి 63 కోట్ల 50 లక్షల బైట్లు గావలెను. ఏ.ఎం.ఆర్. ఫైలున కత్యధికవేగముననైనను 57 లక్షల 60 వేల బైట్లు చాలును. అనఁగా నూటపదియవ వంతు.

నష్టమును జూడవలసియున్నది. సెకనునకు 8,000 నమూనాలున్నచో 4,000 హెర్ట్‌జులకుఁ బైబడిన ధ్వని నిలువదు. సకారపు ఊష్మధ్వనిలోఁ బెద్దభాగ మా మేరకుఁ బైననే యుండును. కథ బోధపడుటకు లోపము లేదు. సందర్భమునుబట్టి చెవియే కొఱఁతను బూరించుకొనును. కాని యుత్తరాంధ్ర మాండలికమును బరిశీలించువానికి స, శ ల నిర్ణయమున నిట్టి ప్రతి ప్రమాణము గానేరదు. మఱియు నీ పద్ధతి మానవవాక్కునకై కల్పింపఁబడినది గావున, కథతోఁ గూడిన జముకు మ్రోఁత, తప్పెట దరువు వికృతములగును. మౌనభాగములను విడుచు నేర్పాటును గూడ వాడినచో, ఆ చోటులందుఁ గృత్రిమమైన మెల్లని రొద వినఁబడును.

2001లో నేర్పడిన విస్తృతశ్రేణి ఏ.ఎం.ఆర్. సెకనునకు 16,000 నమూనాలను గొని, 7,000 హెర్ట్‌జులవఱకు ధ్వనిని నిలుపును. దాని యత్యధికవేగమున గంటకు 1 కోటి 10 లక్షల బైట్లగును. పరిమాణము రెట్టింపునకు లోఁబడియే యున్నది. ఊష్మములు చాలవఱకు దక్కును. ఫోను దీనిని వినిపింపఁగలిగినచో నిదియే మేలు.

ఎట్లైనను సంక్షిప్తప్రతి వినుటకే కాని పాఠనిర్ణయమునకుఁ గాదు. ప్రతినుండి వేఱొక ప్రతిని జేయక, ప్రతిపర్యాయము మాతృకనుండియే చేయవలెను. ప్రతి ఫైలునకు దాని పద్ధతిని, వేగమును జేర్చి వ్రాయవలెను. చోటు చాలదని మాతృకను జెఱిపినచో పిదప నే సాధనమును దానిని మరల నీయఁజాలదు. కథ చెప్పిన వృద్ధురాలు మరల దొరకకపోవచ్చును.