సొంత పార్టీ శాసనసభ్యునిపై ఓటరు అసంతృప్తి

మీ పార్టీయే గెలిచింది, కాని శాసనసభ్యుడు మీకు నచ్చలేదు. అప్పుడు ఏం చేయగలరు? శాసనసభ్యుణ్ణి పదవీకాలం మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మన దేశంలో ఓటరుకు లేదు. 1985లో చేర్చిన పదవ షెడ్యూలు సభ్యుణ్ణి పార్టీ విప్‌కు కట్టుబడేలా చేసింది, ఓటరుకు కాదు. ఇక మిగిలింది వచ్చే ఎన్నికే. అదీ ఒక్కోసారి చేజారుతుంది.

రామగిరికి పొరుగునున్న పెనుకొండను చూడండి. 2019లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున శంకరనారాయణ గెలిచారు. 2024లో పార్టీ ఆయనను అనంతపురం లోక్‌సభకు పంపి, కళ్యాణదుర్గం శాసనసభ్యురాలు ఉషశ్రీ చరణ్‌ను పెనుకొండలో నిలబెట్టింది. పెనుకొండ హిందూపురం లోక్‌సభ పరిధిలోనిది. అంటే ఆయన ఐదేళ్ల పనిని చూసినవారికి ఆయనపై తీర్పు చెప్పే వీలే లేకపోయింది. ఇద్దరూ ఓడిపోయారు, పెనుకొండలో తెలుగుదేశం అభ్యర్థి సవిత గెలిచారు. రాష్ట్రంలో ఆ పార్టీ స్థానాలు 151 నుండి 11కు పడిపోయాయి. అంత పెద్ద గాలిలో శాసనసభ్యునిపై కోపమెంతో, ప్రభుత్వంపై కోపమెంతో ఓట్ల లెక్కను బట్టి విడదీయలేం.