అవ్వ ఎమ్మారై సీడీ, నా ల్యాప్‌టాప్: మెదడు స్కాన్ చూసే ఎఫ్‌ఎస్‌ఎల్ ఇన్‌స్టాల్ చేయడం ఎలా?

పోయిన సంక్రాంతికి ఆళ్లగడ్డ పోయినప్పుడు మా అవ్వ బీరువాలోంచి ఒక కవర్ తీసి నా చేతిలో పెట్టింది. నంద్యాలలో తీయించిన బ్రెయిన్ ఎమ్మారై అది. ఫిల్ములు, రిపోర్టు, ఒక సీడీ ఉన్నాయి. "నువ్వు కంప్యూటర్ చదివినోడివి కదా నాయనా, నా తలకాయలో ఏముందో చూసి చెప్పు" అనింది.

అవ్వకి 76 ఏళ్లు. ఈమధ్య పేర్లు మర్చిపోతా ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతా ఉంది. రిపోర్టులో "సెరిబ్రల్ అట్రోఫీ" అని ఒక మాట ఉంది. అంటే మెదడు కుంచించుకుపోవడం. ఆ మాట చూసి ఇంట్లో అందరం భయపడ్డాం.

నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కదా. మెదడును కొలిచే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, నేనే కొలిచేస్తా అనుకున్నా. కొలిచాను కూడా. వచ్చిన నంబర్ చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసింది, ఆ నంబరే తప్పని. ఈ ఎపిసోడ్‌లో ఇన్‌స్టాలేషన్ మొత్తం చెప్తాను. ఇన్‌స్టాల్ అయ్యాక నేను ఎక్కడ పప్పులో కాలేశానో అది కూడా చెప్తాను. రెండోది వినకుండా వెళ్లిపోకండి.

ముందు ఏ సాఫ్ట్‌వేర్?

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేర్లు నాలుగు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ల ఎస్‌పీఎం, అది మ్యాట్‌ల్యాబ్ మీద నడుస్తుంది. ఫ్రీసర్ఫర్, దానికి ఉచితంగా రిజిస్టర్ అయ్యి లైసెన్స్ ఫైల్ తెచ్చుకోవాలి, ఒక్క మనిషి స్కాన్‌కే గంటలు గంటలు నడుస్తుంది. ఏఎఫ్‌ఎన్‌ఐ. ఇక ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2000లో మొదటిసారి విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఎల్. నేను ఎఫ్‌ఎస్‌ఎల్ తీసుకున్నా. వ్యాపారానికి కాకుండా చదువుకి, పరిశోధనకి వాడితే ఉచితం. నా 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో చిన్న పనులు బాగానే నడిచాయి.

చిక్కు ఏంటంటే, ఎఫ్‌ఎస్‌ఎల్ లైనక్స్ మీద, మ్యాక్ మీద నడుస్తుంది. నేరుగా విండోస్ మీద నడవదు. మనలో ఎక్కువ మందికి ఉండేదేమో విండోస్. దీనికి పరిష్కారం డబ్ల్యూఎస్‌ఎల్, అంటే విండోస్ లోపలే లైనక్స్ నడపడం.

విండోస్‌లో లైనక్స్

మొదట టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. కింద "వర్చువలైజేషన్" ఎనేబుల్డ్ అని ఉండాలి. లేకపోతే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఇది చూసుకోకుండా ముందుకు పోతే మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతారు.

తర్వాత పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్, ఒక స్పేస్, రెండు హైఫన్లు, ఇన్‌స్టాల్ అని కొట్టండి. స్పేస్ లేకుండా ఇన్‌స్టాల్ అనే మాట హైఫన్లకి ఆనుకుని ఉండాలి. సిస్టమ్ రీస్టార్ట్ అయ్యాక ఉబుంటు తెరుచుకుని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు స్క్రీన్ మీద ఏమీ కనపడదు. కీబోర్డు చెడిపోయిందనుకోకండి, లైనక్స్ పద్ధతే అంత.

ఎఫ్‌ఎస్‌ఎల్

ఎఫ్‌ఎస్‌ఎల్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఎస్‌ఎల్‌ఇన్‌స్టాలర్ డాట్ పీవై అనే చిన్న ఫైల్ ఉంటుంది. దాన్ని ఉబుంటులో పైథాన్3తో రన్ చేస్తే మిగతాదంతా అదే దించుకుంటుంది. ఎక్కడ పెట్టాలి అని అడిగితే ఎంటర్ కొట్టండి, మీ హోమ్ ఫోల్డర్‌లో పెడుతుంది.

ఇది కొన్ని జీబీల డౌన్‌లోడ్. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్‌తో కాదు. నేను ఆళ్లగడ్డలో రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలో పోగొట్టుకుని, చివరికి నంద్యాలలో ఫ్రెండ్ రూమ్‌లో బ్రాడ్‌బ్యాండ్ మీద రాత్రంతా పెట్టాను. డిస్క్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంచుకోండి.

అయిపోయాక ఆ విండో మూసేసి కొత్తది తెరవండి. ఎకో అని కొట్టి, స్పేస్ ఇచ్చి, డాలర్ గుర్తు పెట్టి, దానికి ఆనుకుని ఎఫ్‌ఎస్‌ఎల్‌డీఐఆర్ అని పెద్దక్షరాల్లో కొట్టండి. ఫోల్డర్ దారి కనిపిస్తే ఇన్‌స్టాల్ అయినట్టే. ఖాళీ లైన్ వస్తే సెట్టింగ్ ఎక్కలేదని అర్థం.

సీడీ నుంచి ఫైల్ దాకా

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవ్ ఎక్కడుంది? ఆళ్లగడ్డలో ఒక ఫోటో స్టూడియోలో పాత సిస్టమ్ ఉంటే అక్కడ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నా. సీడీలో వందల ఫైళ్లుంటాయి, అవి డైకామ్ ఫార్మాట్. ఎఫ్‌ఎస్‌ఎల్‌కి కావాల్సింది నిఫ్టీ ఫార్మాట్. మార్చడానికి డీసీఎం2ఎన్‌ఐఐఎక్స్ అనే చిన్న టూల్ ఉంది, ఉబుంటులో ఆప్ట్ ఇన్‌స్టాల్‌తోనే వస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఫోల్డర్ పేరులో ఖాళీ వదలొద్దు. "అవ్వ స్కాన్" అని పెడితే కమాండ్ దాన్ని రెండు వేరే పేర్లనుకుంటుంది. రెండోది, డైకామ్ ఫైల్ లోపల పేషెంట్ పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. సాయం చేయమని ఆ ఫైళ్లను గ్రూపుల్లో పడేయకండి. ప్రాక్టీస్‌కి ఇంట్లోవాళ్ల స్కానే అక్కర్లేదు. ఓపెన్‌న్యూరోలో పేర్లు తీసేసిన స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి.

ఉలి దెబ్బ

ఎఫ్‌ఎస్‌ఎల్‌లో చాలామంది మొదట నేర్చుకునే టూల్ బెట్. స్కాన్‌లో పుర్రె, కళ్లు, చర్మం అన్నీ ఉంటాయి కదా. బెట్ వాటిని తీసేసి మెదడును మిగులుస్తుంది. ఆళ్లగడ్డలో శిల్పులు రాయి చెక్కడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అక్కర్లేనిది తీసేస్తే బొమ్మ మిగులుతుంది. ఒక దెబ్బ ఎక్కువ పడితే ముక్కు పోతుంది.

బెట్‌కి ఆ దెబ్బ ఎంత గట్టిగా వేయాలో చెప్పే అంకె ఒకటుంది. సున్నా నుంచి ఒకటి దాకా, మనం చెప్పకపోతే 0.5 తీసుకుంటుంది. తగ్గిస్తే మెదడు ఎక్కువ మిగులుతుంది, పెంచితే ఎక్కువ కోస్తుంది. నేను 0.5 మీదే వదిలేసి, ఎఫ్‌ఎస్‌ఎల్‌స్టాట్స్‌తో పరిమాణం తీశా. 940 సీసీ చిల్లర వచ్చింది. ఇంటర్నెట్‌లో సగటు 1,300 సీసీ అని ఎక్కడో చదివాను. ఇంకేముంది, అవ్వ మెదడులో పావు వంతుకు పైగా కరిగిపోయింది అనుకున్నా.

మర్నాడు పొద్దున ఎఫ్‌ఎస్‌ఎల్‌ఐస్ తెరిచి బొమ్మ చూశా. ఆ పని రాత్రే చేయాల్సింది. ముందు భాగంలో మెదడు ముక్కే కోసేసింది బెట్. 0.3 పెట్టి మళ్లీ నడిపితే నంబర్ వెయ్యి దాటింది. అంటే పోయిన దాంట్లో కొంత అవ్వ తలలో పోలేదు, నా ల్యాప్‌టాప్‌లో పోయింది.

ఇంకో రెండు సంగతులున్నాయి. బెట్ పుర్రెను తీస్తుంది గానీ లోపలి నీటిని వేరు చేయదు. అది ఫాస్ట్ అనే ఇంకో టూల్ పని. కాబట్టి బెట్ నంబర్ చూసి అట్రోఫీ గురించి మాట్లాడటమే తప్పు. పైగా మామూలుగా ఆస్పత్రుల్లో తీసే చాలా సీక్వెన్సుల్లో ఒక్కో స్లైస్ 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. సరిగ్గా కొలవాలంటే దాదాపు ఒక మిల్లీమీటరు ఉండే 3డీ టీ1 కావాలి. అవ్వ సీడీలో అది లేదు.

ఎవరి కొలతతో పోలుస్తున్నాం?

అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఆ సగటు ఎవరిదో అడక్కపోవడం. మెదడు మ్యాపుల్లో బాగా పేరున్న టలైరాక్ అట్లాస్ 1988లో వచ్చింది. దానికి ఆధారం చనిపోయిన ఒకే ఒక్క ఫ్రెంచ్ మహిళ మెదడు. ఆవిడకి 60 ఏళ్లు. ఎఫ్‌ఎస్‌ఎల్‌తో పాటు వచ్చే ఎంఎన్‌ఐ152 మాంట్రియల్‌లో తయారైంది, 152 మంది స్కాన్ల సగటు. వాళ్లలో ఎక్కువ మంది వయసులో ఉన్నవాళ్లు.

ఇక్కడే మన హైదరాబాద్ పేరు వస్తుంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి గారి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వాళ్లతో కలిసి 100 మంది ఆరోగ్యవంతులైన భారతీయుల స్కాన్లతో ఇండియన్ బ్రెయిన్ అట్లాస్ తయారుచేసింది. 2019లో అది వార్తల్లోకి వచ్చింది. పాశ్చాత్యులతో పోలిస్తే మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున కొంచెం తక్కువ అని తేలింది. తెలివి తక్కువ అని కాదండోయ్. చెప్పుల సైజు లాంటిదే ఇది. వాళ్ల సైజుతో మన కాలిని కొలిచి, కాలు అరిగిపోయిందనడం ఎంత తప్పో, నేను చేసిందీ అంతే. ఆ అట్లాస్ కూడా యువతీయువకులది. 76 ఏళ్ల అవ్వకి అదీ సరిపోదు.

చివరికి

రిపోర్టు మళ్లీ చదివితే అట్రోఫీ పక్కనే "వయసుకు సంబంధించిన" అని ఉంది. మేమంతా భయంలో ఆ ముక్క వదిలేశాం. న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన నా ల్యాప్‌టాప్ వైపు చూడలేదు. అవ్వనే చూశారు. కథలా కొన్ని ప్రశ్నలు అడిగారు, గడియారం బొమ్మ గీయమన్నారు, బీ12, థైరాయిడ్ పరీక్షలు రాశారు. బీ12 బాగా తక్కువుంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇప్పుడు పాలు పొంగడం తగ్గింది. పేర్లు ఇంకా మర్చిపోతానే ఉంది. మూడు నెలలకొకసారి చూపిస్తున్నాం.

కాబట్టి ఇన్‌స్టాల్ చేసుకోండి. బీటెక్ ప్రాజెక్టులు చేసేవాళ్లు, మెడికల్ పిల్లలు తప్పకుండా చేసుకోండి. దీనికి బెంగళూరు పోయి కూర్చోవాల్సిన పని లేదు, నంద్యాలలో మంచి ఇంటర్నెట్ ఉంటే చాలు. ప్రతి నంబర్ వెనక బొమ్మ చూడండి. ఆ నంబర్‌ని ఎవరితో పోలుస్తున్నారో అడగండి. ఇంట్లోవాళ్ల జబ్బు తేల్చడానికి మాత్రం వాడకండి, అది డాక్టర్ పని.

అవ్వ మొన్న మళ్లీ అడిగింది, "ఏముంది నాయనా నా తలకాయలో?" అని. "డాక్టర్ చెప్పినాడు కదవ్వా, వయసు" అన్నా. "దానికి కంప్యూటర్ ఎందుకురా, నన్నడిగితే నేనే చెప్పేదాన్ని" అనింది.

వచ్చే ఎపిసోడ్‌లో ఫాస్ట్ టూల్ నడిపి చూద్దాం. ఉంటానండి.