గోడ మీద కూర్చున్న గోల్‌కీపరు

ప్రతి సంక్రాంతికీ మా అంబత్తూరు తెలుగు కుటుంబాలవాళ్ళం, చుట్టుపక్కల పేటల తెలుగువాళ్ళతో కలిసి పిల్లలకు ఫుట్‌బాల్ పోటీ పెట్టుకుంటాం. కిందటేడు మా జట్టుకు గోల్‌కీపరు కరువయ్యాడు. "ఎదురింటి అబ్బాయి బాగా ఆడతాడు నాన్నా, చేర్చుకుందాం" అన్నాడు మావాడు. ఆ అబ్బాయిది తమిళ కుటుంబం. "తెలుగువాళ్ళ పోటీలో వాడెందుకురా? నిబంధన ఒప్పుకోదు" అన్నాను. బ్యాంకులో జమాఖర్చులు చూసేవాడికి నిబంధన నిబంధనే కదా!

ఆ అబ్బాయి గోడ మీద కూర్చుని ఆటంతా చూశాడు. మేం ఓడిపోయాం. అది పెద్ద సంగతి కాదు. ఆ గోడ మీది పిల్లవాడే నాకు పదే పదే గుర్తొచ్చాడు.

ఆ తరువాత తులసీదాస్ బలరాం గురించి చదివాను. ఆయన 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టారు. ఇక్కడ మనమెలాగో, అక్కడ వాళ్ళలాగ! కుర్రవాడి ఆట శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడింది. హైదరాబాదు వచ్చిపోవడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకు ఆయనే ఇచ్చారట.

రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ 1941లో మొదలైంది. 1956-57లో హైదరాబాదు దాన్ని గెలిచినప్పుడు ఆ జట్టులో బలరాం ఉన్నారు. తరువాత కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు, బెంగాలు రాష్ట్రానికీ ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన భారత జట్టులోనూ ఉన్నారు. 2023లో కన్నుమూశారు. రహీం ఆనాడు నాలాగే నిబంధన చదివి ఉంటే?

ఈ ఏడు మా సంఘంలో ఒక ప్రతిపాదన పెట్టాను: ప్రతి జట్టులో ఇద్దరు ఇరుగుపొరుగు పిల్లలు ఆడవచ్చని. "అప్పుడది తెలుగువాళ్ళ పోటీ ఎలా అవుతుందండీ?" అన్నారొక పెద్దాయన. పిల్లలకు తెలుగు దూరమవుతోందని ఆయన బాధ. అది నాకూ ఉంది. "మైకులో తెలుగే, మైదానంలో కేకలూ తెలుగే. వచ్చినవాడు మన పులిహోర తిని, నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని వెళతాడు. మనకు పోయేదేముందండీ?" అన్నాను. చివరికి అందరూ సరేనన్నారు.

మావాడు ఎదురింటికి పరుగెత్తి కబురు చెప్పాడు. ఆ అబ్బాయి మొదట అడిగింది ఒకటేనట: "మీ నాన్నగారు ఒప్పుకున్నారా?"

అడ్డుగోడ ఎవరో వాడికి మొదటినుంచీ తెలుసు!