ఆ లిస్టు ఎప్పటిది?

ఢిల్లీకి బదిలీ అయి వచ్చిన దగ్గర్నుంచి మా అత్తయ్యగారు ఫోన్లో అడిగే ప్రశ్న ఒకటే. "అక్కడ నీది ఏం సీటు బాబూ, లోన్లా, డిపాజిట్లా?" రెండూ కాదండీ, ఖాతాదార్ల ఫోన్లకు మన బ్యాంకు పంపే మెసేజీలు చూసే సీటు అన్నాను. "దానికో ఆఫీసరెందుకు?" అన్నారావిడ. ఆ మాటకు జవాబే ఈ వ్యాసం.

మెసేజీలో మాటలు రాసేది, ఎవరికి పంపాలో చెప్పేది మార్కెటింగు వాళ్లం. దాన్ని లక్షల ఫోన్లకు చేర్చే సాఫ్టువేరు చూసేది ఇంజనీర్లు. మేము కూర్చునేది కన్నాట్ ప్లేస్ దగ్గర, వాళ్లు నోయిడా సెక్టార్ 62లో. మధ్యన బ్లూ లైన్ మెట్రో. వారానికోసారి నేనే వెళ్తాను. మెయిళ్లలో పది రోజులు నలిగే సంగతి ఎదురుగా కూర్చుంటే ఒక టీలో తేలిపోతుంది.

ఇష్టమొచ్చినట్టు రాసి పంపడానికి వీల్లేదని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, మెసేజీ నమూనా రెండూ టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు కావాలి. పేరు, మొత్తం, తేదీ లాంటి మారే వాటికి ఖాళీలు వదులుతాం. మిగతా వాక్యం నమోదైన దానితో సరిపోలకపోతే మెసేజీ దారిలోనే ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీ అమల్లోకి వచ్చినప్పుడు దేశమంతా ఓటీపీలు కూడా ఆగిపోయి గగ్గోలు పుట్టింది. ట్రాయ్ దాన్ని వారం రోజులు నిలిపివేసింది. అందుకే "చివర్లో ఒక్క మాట మారుస్తానమ్మా" అని నేనంటే ఇంజనీర్లు ముఖం చిట్లిస్తారు. న్యాయమే.

తెలుగులో రాస్తే ఇంకో తమాషా. ఇంగ్లీషయితే ఒక మెసేజీలో 160 అక్షరాలు పడతాయి, తెలుగయితే 70. పైగా గుణింతం, ఒత్తు, సున్నా దేని లెక్క దానిదే. "ఉగాది శుభాకాంక్షలు" మన కంటికి 8 అక్షరాలు. యంత్రానికి మధ్య ఖాళీతో కలిపి 18. 70 దాటితే రెండో మెసేజీ ఖర్చు.

ఇవి నవ్వుకునే గొడవలు. నవ్వలేనిది ఒకటి జరిగింది.

పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ, సీనియర్ సిటిజన్లకు డిపాజిట్ పథకం గుర్తు చేసే మెసేజీ ఒకటి ఉండేది. సోమవారం పంపాల్సినవారి లిస్టు గురువారం రాత్రే తీసేవాళ్లం. శుక్రవారం ఒకావిడ భర్త మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని బ్రాంచికి వెళ్లారు. బ్రాంచివాళ్లు ఆ రోజే కంప్యూటర్లో నమోదు చేశారు, వాళ్ల తప్పేమీ లేదు. సోమవారం పొద్దున పది గంటలకు, ఆయన ఫోను ఆవిడ చేతిలో ఉండగా, మా శుభాకాంక్షలు వచ్చాయి. కొడుకు బ్రాంచికి ఫోన్ చేశాడు. మేనేజరుగారు మాకు చేశారు.

ఇంజనీర్లు ఆపి ఉండాల్సింది అని మేమన్నాం. మీరిచ్చిన లిస్టే కదా పంపాం అని వాళ్లన్నారు. రెండూ నిజమే, అదే చిక్కు. ఆ బుధవారం నోయిడాలో వాళ్ల టీము లీడు, మన తెనాలి అమ్మాయి, ఒకటే అడిగింది. "సార్, ఆ లిస్టు ఎప్పటిది?"

నా దృష్టిలో లిస్టు అంటే మనుషులు. ఆమె దృష్టిలో అది గురువారం రాత్రి తీసిన ఫొటో. ఆ తర్వాత లోకం నాలుగు రోజులు ముందుకు నడిచింది.

ఇప్పుడు లిస్టులో పేరున్నంత మాత్రాన మెసేజీ వెళ్లదు. పంపే ముందు ప్రతి కస్టమర్ నంబరునూ మళ్లీ ఒకసారి చూస్తారు. మరణించినవారు, ఖాతా మూసినవారు, ప్రచార మెసేజీలు వద్దన్నవారు, ఫిర్యాదు తేలనివారు అక్కడ ఆగిపోతారు. పది గంటలకు కౌంటర్ల దగ్గర రద్దీ కాబట్టి అసలు కోర్ బ్యాంకింగును తాకకుండా, దానితో పాటు ఎప్పటికప్పుడు మారే నకలు నుంచి చదువుతారు. ఇది వాళ్ల తెలివి. ఎవరిని ఆపాలన్నది మా నిర్ణయం.

ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న కూడా వేసింది. "ఆ తనిఖీయే పనిచేయకపోతే మెసేజీ పంపాలా, ఆపాలా?" నాకు తట్టని ప్రశ్న. ప్రచారమైతే ఆపండి, రేపు పంపినా కొంప మునగదు అన్నాను. ఓటీపీ, డబ్బు జమ, ఖర్చు తెలిపే మెసేజీలు మాత్రం ఈ దారిలోకే రాకూడదని రాసుకున్నాం. ఆ కాగితం మీద ఇద్దరం సంతకం చేశాం. కోడు రాయడానికి వాళ్లకు రెండు వారాలు పట్టింది కానీ, ఏది ఆగాలో తేల్చుకోవడానికి మాకు నెల పట్టింది.

ఒక చిక్కు ఇంకా మిగిలే ఉంది. ఒకే మనిషికి రెండు బ్రాంచీల్లో రెండు కస్టమర్ నంబర్లుంటే, ఒకదానిలో నమోదైన మరణం రెండోదానికి తెలియదు. మా తనిఖీ రెండో నంబరును బతికున్న మనిషిగానే చూస్తుంది. అలాంటివి కలిపే పని బ్రాంచీల్లో జరుగుతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు పాత ఊరి బ్రాంచిలో ఓ ఖాతా, ఇప్పుడున్న ఊళ్లో ఇంకో ఖాతా ఉంటే, రెండు పాస్‌బుక్కులూ తీసి కస్టమర్ నంబర్లు పోల్చి చూడండి. వేరువేరుగా ఉంటే బ్రాంచిలో చెప్పండి. మా అత్తయ్యగారివి కూడా రెండున్నాయి.