ఊరి సొమ్ము ఊరిలోనే: లారీ బేకర్ గృహనిర్మాణ పద్ధతి

పాఠశాలకో, పంచాయతీ కార్యాలయమునకో నిధులు మంజూరైనప్పుడు సభ్యులు మొదట అడుగునది "ఎంత ఖర్చగును?" అనియే. ఆ సొమ్ము ఎవరి చేతికి చేరును అను ప్రశ్నయు అంత ముఖ్యమైనదే. దూరపు కర్మాగారములనుండి వచ్చు సిమెంటునకును ఇనుమునకును చెల్లించిన రూపాయిలో అధికభాగము ఊరు దాటిపోవును. తాపీమేస్త్రీకి, ఇటుకలు కాల్చువానికి, వడ్రంగికి ఇచ్చిన రూపాయి మన సంతలోనే మరల కనిపించును. ఈ రెండవ ప్రశ్నను పునాదిగా చేసికొని భవనములు నిర్మించిన శిల్పి లారీ బేకర్.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున 1917లో జన్మించిన బేకర్, కుష్ఠురోగుల ఆశ్రమములకు భవనములు నిర్మించుటకై 1945లో భారతదేశమునకు వచ్చిరి. అంతకుముందే బొంబాయిలో గాంధీమహాత్ముని కలిసికొనిరి. ఇంటికి వలయు సామగ్రి యంతయు ఐదు మైళ్ల లోపల దొరకునదిగా నుండవలెనను మహాత్ముని మాట ఆయనకు జీవితాంతము మార్గదర్శకమైనది. హిమాలయములలోని పిథోరాగఢ్ ప్రాంతమున నివసించిన కాలములో, అచ్చటి ప్రజలు రాతితోను, మట్టితోను, కలపతోను కట్టుకొన్న ఇండ్లను చూచి ఆయన ఎన్నియో మెలకువలు నేర్చిరి.

తరువాత కేరళకు వచ్చి తిరువనంతపురమున స్థిరపడిరి. పెద్ద కార్యాలయమేదియు పెట్టుకొనలేదు. పటములు తామే గీసి, మేస్త్రీలకు పని తామే నేర్పి, కట్టుబడి జరుగుచోట నిలిచి మార్పులు చేయుచుండిరి. 1970 దశకమున ఆయన నిర్మించిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనములు ఈ పద్ధతికి ప్రసిద్ధ నిదర్శనములు. 1985లో కేరళ మాజీ ముఖ్యమంత్రి అచ్యుత మీనన్, ఆర్థికవేత్త కె. ఎన్. రాజ్, టి. ఆర్. చంద్రదత్ గారలతో కలిసి 'కాస్ట్‌ఫోర్డ్' అను సంస్థను త్రిశ్శూరులో స్థాపించిరి. బేకర్ 2007లో మరణించినను ఈ సంస్థ ఆయన పద్ధతిని కొనసాగించుచున్నది.

ఆ పద్ధతిలోని ముఖ్యాంశములు సులభముగా తెలియదగినవే. ఇటుకలను పడుకొనబెట్టక, ప్రక్కకు నిలిపి, నడుమ ఖాళీ విడిచి గోడ కట్టుదురు. దీనికి 'ర్యాట్ ట్రాప్ బాండ్' అని పేరు. ఇందువలన ఇటుకలలో సుమారు నాలుగవవంతు ఆదాయగును. గోడలోని గాలిపొర ఎండవేడిమిని తగ్గించును. శ్లాబు అడుగుభాగమున ఇనుపచువ్వల నడుమనుండు కాంక్రీటు బరువు మోయదు. అచ్చట పాత పెంకులు అమర్చినచో సిమెంటు మిగులును, కప్పు తేలికయగును. ద్వారముల పైన కాంక్రీటు దూలమునకు బదులు ఇటుక కమాను చాలును. కిటికీకి బదులుగా ఇటుక జాలీ పెట్టినచో గాలియు వెలుతురును వచ్చును. గోడ చక్కగా కట్టినప్పుడు పైపూత అక్కరలేదు.

అయితే చౌక యనగా నాసిరకము కాదు. ఈ గోడకు అంచులు సరియైన మంచి ఇటుకలు, చేయి తిరిగిన మేస్త్రీలు కావలెను. పెంకుల శ్లాబులో ఇనుము లెక్కను ఇంజనీరే నిర్ణయింపవలెను. తుపానులు, భూకంపములు సంభవించు ప్రాంతములలో మూలలకును కప్పునకును తగిన పటుత్వము చేకూర్చక పని ప్రారంభింపరాదు. కేరళ నమూనాను యథాతథముగా తెచ్చుటయు బేకర్ ఆశయము కాదు. రాయి దొరకుచోట రాయి, మంచి మట్టి యున్నచోట మట్టి వాడవలెననియే ఆయన బోధ.

కావున అంచనా పత్రము సభ ముందునకు వచ్చినప్పుడు సభ్యులు మొత్తమును మాత్రమే చూడక, అందు కూలి యెంత, ఊరి సామగ్రి యెంత, బయటినుండి తెప్పించునది యెంత అని వేరువేరుగా అడుగవలెను. ఆ మూడు అంకెలను తెలిసికొని తీర్మానించిన కట్టడము గ్రామమునకు నీడతోపాటు పనిని కూడ ఇచ్చును.