ముందు మాట, తరువాత యంత్రం

బస్తరు అడవుల్లో నివసించే గోండు రైతు ఇంట్లో మాట్లాడేది గోండీ. కాని కచేరీ నుండి అతనికి చేరే కబురు సాధారణంగా హిందీలో ఉంటుంది. అతని మొర వెళ్ళవలసిందీ ఆ భాషలోనే. 2011 జనాభా లెక్కలలో గోండీని మాతృభాషగా చెప్పుకొన్నవారు దాదాపు 30 లక్షలు. అయినా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో ఆ భాషకు చోటు దొరకలేదు.

పూర్వం బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి ఈ లోటును తీర్చడానికి 2010లో ఛత్తీస్‌గఢ్‌లో ‘సీజీనెట్ స్వర’ అనే ఏర్పాటును ఆరంభించారు. చదువు రానివారికీ పనికివచ్చే ఏర్పాటు అది. ఒక నంబరుకు ఫోను చేసి, తమ ఊరి సంగతిని తమ నోటితోనే చెప్పవచ్చు. ఇతరులు చెప్పినది వినవచ్చు. నిజానిజాలు విచారించిన తరువాతనే ఆ కబురును వినిపిస్తారు. కూలి అందలేదనో, బోరింగు చెడిపోయిందనో మొరపెట్టుకొనేవారు సంబంధిత అధికారి ఫోను నంబరును కూడా జతచేస్తారు. విన్నవారు ఎక్కడెక్కడి నుండో ఆ అధికారికి ఫోను చేసి అడుగుతారు! అర్జీ ఒకరిదే గాని, అడిగే గొంతులు అనేకం.

ఫోను సంకేతాలందని పల్లెలకు కార్యక్రమాలు మరో దారిన వెళ్ళాయి. సంతకు వచ్చినవారు ఒకరి ఫోను నుండి మరొకరి ఫోనుకు బ్లూటూత్ ద్వారా వాటిని ఎక్కించుకొనేవారు. ఆ ఆంగ్లపదం పల్లె నోట పడి ‘బుల్టూ’ అయింది. ఏర్పాటుకే ‘బుల్టూ రేడియో’ అని పేరు స్థిరపడింది.

అసలు చిక్కు యంత్రం చేత గోండీని చదివించాలనీ, అనువదింపజేయాలనీ తలచినప్పుడు ఎదురైంది. ఏ గోండీ? ఈ భాష మనకు పరాయిది కాదు. గోండీలో నీటికి ‘ఏర్’ అన్న మాట ఉంది, మన ‘ఏరు’ దానికి చుట్టమే. అయితే మహారాష్ట్ర గోండు మాటలో మరాఠీ, ఆదిలాబాదు గోండు మాటలో తెలుగు, బస్తరులో హిందీ కలిసిపోయాయి. ఒక ప్రాంతపు పలుకు మరొక ప్రాంతానికి సరిగా అర్థం కాదు. ఏ మాట నిలవాలో తేల్చే హక్కు యంత్రనిపుణునికి ఎక్కడిది?

అందుచేత 2014 నుండి పలు రాష్ట్రాల గోండులు కార్యశాలలలో కలిసి కూర్చున్నారు. తెలంగాణ వారూ అందులో ఉన్నారు. 2018లో హంపీ కన్నడ విశ్వవిద్యాలయంలో దాదాపు 3,000 మాటల ప్రామాణిక నిఘంటువు ఒక రూపానికి వచ్చింది. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయం తోడ్పాటుతో బాలల కథల అనువాదమూ, గోండీ వార్తలను చదివి వినిపించే ‘ఆదివాసీ రేడియో’ అనే ఫోను సాధనమూ వచ్చాయి.

లిపి విషయంలో మాత్రం ఏకాభిప్రాయం సులభం కాదు. నిఘంటువు దేవనాగరిలో వెలువడిన 2018లోనే ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో స్థానం సంపాదించింది.

ఈ కృషిని గురించి 2020లో వెలువడిన పరిశోధన పత్రం రెండు అంకెలు పేర్కొన్నది. అనువాదమై చేరిన మాటలూ వాక్యాలూ సుమారు 12,000. రెండవ అంకె మనుషులది: ఇకముందు అనువాదానికి సాయం అడగదగిన గోండులు 650 మందికి పైగా.