ముప్పై సెకన్లలో సగము సాక్ష్యము



గుణుపురం వెళ్లే పాసింజరు కోసం నౌపడ జంక్షనులో కూర్చున్నవారిని ఒకసారి గమనించండి. సంచి మీద కూర్చున్న పెద్దాయన మొదలు చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి వరకు అందరి బొటనవేలూ ఫోను మీద పైకి జరుగుతూనే ఉంటుంది. ఒక వంట, ఒక పాట, ఒక నాయకుని కోపము, ఆ వెంటనే ఎవరో పాస్టరుగారి ప్రసంగములో ఒక ముక్క. 2020 జూన్ 29న మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఈ సందడి తగ్గుతుందని అనుకున్నాము. ఆ జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ వారు రీల్స్‌ను, సెప్టెంబరులో యూట్యూబ్ వారు షార్ట్స్‌ను మన దేశములోకి తెచ్చారు. సందడి తగ్గలేదు సరికదా, మందిరములోకి కూడా వచ్చింది.

మా యువజనులు ఆదివారపు ఆరాధనను ఫోనులో తీసి, ముక్కలు చేసి పెట్టడము మొదలుపెట్టారు. ప్రోత్సహించినది మేమే. కారణము దాచము. యాభై నిమిషముల ప్రసంగమును పూర్తిగా పెడితే చివరి వరకు చూసినవారు మా సంఘములోనే పదిమంది లేరు. అందులో ఒక నిమిషము కోసి పెడితే, వేరావల్‌లో చేపల పడవల మీద పనిచేసే మన పిల్లలు, చెన్నైలో ఇల్లు కట్టే మన వాళ్లు చూసి ఫోను చేశారు. సంతోషించాము.

రెండేళ్ల క్రితము ఉపవాస ప్రార్థనలో ఒక సహోదరి ఇరవై నిమిషములు సాక్ష్యము చెప్పింది. భర్త త్రాగుడు, ఇంట్లో గిన్నెలు సైతము అమ్ముకున్న రోజులు, ఒక రాత్రి పిల్లలను తీసుకుని రైలు పట్టాల వైపు నడిచిన సంగతి మొదట చెప్పింది. తరువాత పావుగంట సేపు అతడు త్రాగుడు ఎలా మానినదీ, నాలుగేళ్లు ఉప్పు మడులలో కష్టపడి అప్పు ఎలా తీర్చినదీ చెప్పింది. భర్త పురుషుల వరుసలోనే కూర్చుని తలవంచుకుని విన్నాడు. చివరలో చిన్నగా నవ్వాడు కూడా.

వీడియోలు చేసే మా కుర్రవాడు ఆ రాత్రి మేలుకొని, అన్నిటికంటే హృదయమును తాకే చోటు ఏదని వెదికాడు. పట్టాల సంగతి చెబుతూ ఆమె ఏడ్చిన ముప్పై సెకన్లు కోసి, వెనుక విషాదపు సంగీతము చేర్చి పెట్టాడు. కుర్రవాడు చెడ్డవాడు కాడు. పదిమంది కదిలించబడాలనే చేశాడు. చూసి బాగుందన్నవారిలో మేమూ ఉన్నాము.

మూడు రోజులలో ఆ ముక్క ఆమె అత్తవారి ఊరు చేరింది. నాలుగవ రోజున మడుల దగ్గర తోటి కూలీలు ఆ ఫోనును అతనికే చూపించారు. అందులో అతడు త్రాగుబోతు మాత్రమే. మారిన మనిషి మిగిలిన పావుగంటలో ఉండిపోయాడు. ఆ ఆదివారము నుండి అతడు మందిరమునకు రాలేదు. వీడియోను తీసివేయించాము గాని, ఏమి లాభము? వాట్సాప్ స్టేటస్ 24 గంటలలో మాయమవుతుంది గాని, ఈలోగా దించుకున్నవారి ఫోనులోనుండి మాయము కాదు.

ఈ సంగతి విని మా సంఘ పెద్ద ఒకాయన కుర్రవానితో అన్న మాట మాకు గుర్తుండిపోయింది: "నువ్వు ఉప్పొగ్గీసి చేదునీరు పట్టుకొచ్చీసినావురా బాబూ." ఆయన జీవితమంతా మడులలో గడిపినవాడు. లీటరు సముద్రపు నీటిలో లవణములన్నీ కలిపి సుమారు 35 గ్రాములే. తక్కినదంతా ఎండకు పోవలసిందే. అయినా మడిని పూర్తిగా ఎండిపోనివ్వరు. ఉప్పు గడ్డకట్టిన తరువాత మిగిలే చేదునీటిని బయటకు వదిలివేస్తారు. లేకపోతే మెగ్నీషియం లవణములు కలిసి ఉప్పు చేదెక్కుతుంది.

కాబట్టి చిన్నదిగా చేయుట తప్పని మేము అనము. లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని కథను పైకి చదివితే రెండు నిమిషములు కూడా పట్టదు. కాని అది తెగిన ముక్క కాదు. దెబ్బలు తిన్నవాడు సత్రము చేరే వరకు కథ ఉన్నది.

ముక్కలు చేయుట ఫోనుతో మొదలైనదీ కాదు. మన బైబిలుకు అధ్యాయములను 13వ శతాబ్దములో స్టీఫెన్ లాంగ్టన్ విభజించాడని చెబుతారు. క్రొత్త నిబంధనకు ఇప్పటి వచనముల అంకెలను 1551లో రోబేర్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెదకుటకు సులువుగా ఉండాలని వేసిన అంకెలు కోయుటకూ సులువయ్యాయి. 14వ కీర్తన మొదటి వచనములో బుద్ధిలేనివాడు మనసులో అనుకునే మాట ఉన్నది. అనుకునేది ఎవరో తీసివేసి, ఆ మాటను మాత్రమే ఉంచితే బైబిలే దేవుడు లేడని చెప్పినట్టవుతుంది. క్రొత్త సంవత్సరపు కార్డులలో మనమెంతో ఇష్టముగా అందుకునే యోబు 8:7, కొంచెముగా మొదలైనది చివరకు ఎంతో పెరుగునన్న మాట, ఎవరిది? యోబును నిందించిన స్నేహితుడు బిల్దదుది. ఆ స్నేహితులు తన్నుగూర్చి సరిగా మాట్లాడలేదని 42వ అధ్యాయములో దేవుడే కోపించాడు. (ఆ కార్డులు మేమూ పంచాము.)

ఇప్పుడు మా యువజనులు పని మానలేదు, పద్ధతి మార్చుకున్నారు. కోసేవాడు ముందు మొత్తము వింటాడు. ఒక సంగతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితము మీద వ్రాసుకుంటాడు. 2024 అక్టోబరు నుండి యూట్యూబ్ షార్ట్స్‌లో మూడు నిమిషముల వరకు పెట్టవచ్చు గనుక, చోటు చాలలేదనే సాకు కూడా పోయింది. రైలులో శబ్దము లేకుండా చూసేవారికోసము మాటలను తెలుగులో క్రింద వేస్తున్నారు. పూర్తి ప్రసంగము ఎక్కడ ఉన్నదో చూపిస్తున్నారు. సాక్ష్యమైతే చెప్పినవారిని మాత్రమే కాదు, అందులో ఎవరి సంగతి వచ్చిందో వారిని కూడా అడిగి, చూపించి, ఒక రాత్రి గడిచిన తరువాతనే పెడుతున్నారు. రోగుల కొరకు చేసే ప్రార్థనను అసలు తీయరు. మొదటి మూడు సెకన్లలో చూసేవాని పట్టుకోవాలట. అందుకని అన్నిటికంటే ఘాటైన మాటను ముందుకు తెచ్చే అలవాటు మాత్రము ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ అలవాటు మాకూ అంటింది. ప్రసంగము వ్రాసుకునేటప్పుడే ఏ మాట వీడియోకు బాగుంటుందా అని కలము ఆగుతోంది. "ఈమధ్య మీరు మా వైపు చూసి కాదు, ఫోను వైపు చూసి మాట్లాడుతున్నారండీ" అని ఒక ఆదివారము మధ్యాహ్నము అన్నము వడ్డిస్తూ మా ఇంటావిడ అన్నది. జవాబు చెప్పలేకపోయాము.

మొన్న పునరుత్థాన పండుగ తెల్లవారుజామున ఆ సహోదరుడు వచ్చాడు. గుమ్మము దగ్గర చివరి చాప మీద కూర్చున్నాడు. ఆరాధన ముగిశాక కుర్రవాడు దగ్గరకు వెళ్లి, మిగతా సాక్ష్యము మీ నోటితోనే చెబితే పూర్తిగా పెడతామని అడిగాడు. అతడు దానికి ఏమీ అనలేదు.

"ఏటి బాబూ, అదింకా తిరుగుతందా?" అన్నాడు.

కుర్రవాడు ఫోను జేబులో పెట్టుకుని అతని ప్రక్కన చాప మీద కూర్చున్నాడు.